పెట్రోలుకూ గడువుంది

గత వానాకాలం జూలై ఆఖరున మా ఊళ్లో పత్తికి పచ్చదోమ తగిలింది. నాలుగు రోజులు ముసురు పట్టి, ఐదో రోజు తెరిపిచ్చింది. మందు కొట్టడానికి అదే అదను. తెల్లవారుజామునే మందు కలిపి, పవర్ స్ప్రేయర్లు బయటికి తీశాం. తాడు లాగితే స్టార్ట్ కాలేదు. మళ్లీ లాగాం, చోక్ వేసి లాగాం, ప్లగ్ తీసి తుడిచి లాగాం. చేతులు నొప్పి పుట్టాయే తప్ప ఇంజను పలకలేదు. పక్క చేలో ఇంకొకరిదీ అంతే, వాగు అవతల మరొకరిదీ అంతే. మూడు మిషన్లనూ ఆటోలో వేసుకుని మండల కేంద్రానికి పోతే, మెకానిక్ దగ్గర అప్పటికే పదిహేను స్ప్రేయర్లు వరసలో ఉన్నాయి.

మెకానిక్ కార్బొరేటర్ విప్పి చూపించాడు. లోపల గోధుమరంగు జిగురు అట్టకట్టి ఉంది. సూదిమొన దూరేంత రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. "దీంట్లో పెట్రోలు ఎప్పుడు పోశారు?" అని అడిగాడు. లెక్క వేసుకుంటే, ఫిబ్రవరిలో మిర్చికి ఆఖరి మందు కొట్టినప్పుడు పోసింది. ట్యాంకులో సగం మిగిలితే అలాగే మూలన పెట్టాం. డబ్బాలో ఇంకో నాలుగు లీటర్లు మిగిలితే, పారబోయడమెందుకు, వానాకాలం పనికొస్తుందని దాచాం. ఆ దాచిన పెట్రోలే మిషన్లను చెడగొట్టింది. రిపేరు ఖర్చు అటుంచండి, మూడు రోజులు పోయాయి. నాలుగో రోజు మళ్లీ వాన. మందు కొట్టే అదను దాటేసరికి ఆకులు ముడుచుకుపోయి ఎర్రబారాయి.

విత్తనం సంచి మీద గడువు తేదీ చూస్తాం. పురుగుమందు సీసా మీద తేదీ చూడాలని ప్రతి సమావేశంలో చెబుతాం. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుకు గడువుంటుందన్న సంగతి మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు. డబ్బా మీద ఎవరూ రాయరు, బంకులో ఎవరూ చెప్పరు. ఇప్పుడు మిర్చి కోతలు అయిపోవస్తున్నాయి. స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, పవర్ వీడర్లు మూలకు చేరే రోజులివి. మళ్లీ జూలైలో అదే గోస పడకూడదనే ఈ నెల సంపాదకీయంలో ఈ విషయం తీసుకున్నాం.

రైతు పెట్రోలు ఎందుకు నిల్వ చేస్తాడు? సరదాకు కాదు. చాలా ఊళ్లకు బంకు పది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అర లీటరు కోసం పోయి రావడానికే బండిలో పావు లీటరు కాలుతుంది. అంత దూరం పోయినా డబ్బాలో పోస్తారో లేదో తెలియదు. అందుకే పోసిన రోజున పది లీటర్లు తెచ్చి ఇంట్లో పెడతాడు. కూలివాళ్లు దొరికిన రోజు, గాలి లేని పొద్దు, వాన తెరిపి అన్నీ కలిసొచ్చినప్పుడు పెట్రోలు లేదని పని ఆగకూడదన్నది అతని భయం. ఆ భయం న్యాయమైనదే. ఎంత తెచ్చాం, దేంట్లో పెట్టాం, ఎన్నాళ్లు పెట్టాం అన్న దగ్గరే తప్పు జరుగుతోంది.

పెట్రోలు మూడు రకాలుగా చెడుతుంది. మొదటిది, ఆవిరి కావడం. పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక తేలిక, బరువు నూనెల మిశ్రమం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదటి లాగుడుకే అందుకునేది తేలిక భాగమే. మూత సరిగా లేని డబ్బాలో నుంచి ముందుగా ఎగిరిపోయేదీ అదే. మిగిలిన బరువు భాగం చూడటానికి పెట్రోలులాగే ఉంటుంది కానీ తాడు ఎన్నిసార్లు లాగినా అంటుకోదు.

రెండోది, గాలి తగిలి జిగురుగా మారడం. నూనె పాతబడితే కమురు పడుతుంది కదా, పెట్రోలు కూడా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా మారుతుంది. వేడి పెరిగినకొద్దీ ఈ మార్పు వేగం పెరుగుతుంది. మొదట రంగు ముదురుతుంది, తర్వాత వార్నిష్‌లాంటి పుల్లని వాసన వస్తుంది, చివరికి జిగురు దిగుతుంది. ట్యాంకులో కంటే కార్బొరేటర్‌లో ప్రమాదం ఎక్కువ. అక్కడ ఉండేది కొన్ని చుక్కలే కాబట్టి అవి త్వరగా ఎండి, సన్నని రంధ్రాలను మూసేస్తాయి.

మూడోది నీరు. ఇది పాత రోజుల్లో అంత పెద్ద సమస్య కాదు. పెట్రోలులో నీళ్లు పడితే అడుగుకు చేరేవి, పైన తేలిన పెట్రోలు వాడుకునేవాళ్లం. ఇప్పుడు బంకులో మనం కొనేది ఉత్త పెట్రోలు కాదు. అందులో ఇథనాల్ కలిసి ఉంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఒక హద్దు వరకు ఆ నీటిని తనలో కలుపుకుని, పెట్రోలుతోపాటు ఉంచుతుంది. ఆ హద్దు దాటితే ఇథనాల్, నీరు రెండూ కలిసి పెట్రోలును విడిచి అడుగుకు దిగిపోతాయి. పదిశాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు సుమారు ఐదు మిల్లీలీటర్ల నీరు, అంటే ఒక టీ చెంచాడు, పట్టి ఉంచగలదు. ఇరవై శాతం ఉన్నది అంతకంటే కాస్త ఎక్కువే పట్టి ఉంచుతుంది. కానీ ఒకసారి విడిపోయిందంటే అడుగున దిగే పొర కూడా అంత పెద్దదవుతుంది. ట్యాంకులో నుంచి ఇంజనుకు పైపు ఎక్కడి నుంచి పోతుంది? అడుగు నుంచే. ఆ నీళ్ల పొర ఇంజనులోకి పోతే అది నడవదు, లోపలి లోహానికి తుప్పు పడుతుంది. కొత్త పెట్రోలు పోసి కలిపినా విడిపోయింది మళ్లీ సరిగా కలవదు.

ఇది మాటలతో నమ్మనవసరం లేదు. సంఘం సమావేశంలో చేసి చూడొచ్చు. ఆరుబయట, బీడీ, పొయ్యి లేని చోట, గీతలున్న సన్నని గాజు సీసాలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, మూత పెట్టి ఊపి, కాసేపు కదపకుండా ఉంచండి. ఇథనాల్ లేకపోతే అడుగున 10 మిల్లీలీటర్ల నీరే ఉంటుంది. ఇరవై శాతం ఇథనాల్ ఉంటే అడుగు పొర 30కి దగ్గరగా పెరుగుతుంది. ఇథనాల్ అంతా నీళ్లతో పోయిందన్నమాట. వానాకాలంలో సరిగా మూతపడని డబ్బాలో ఇదే పని మెల్లగా జరుగుతుంది.

ఈ ఇథనాల్ ఒక్కరోజులో వచ్చింది కాదు. 2003 జనవరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపాలని కేంద్రం మొదలుపెట్టింది. చాలాకాలం అది నత్తనడక నడిచింది. 2018లో జీవ ఇంధన విధానం వచ్చాక వేగం పుంజుకుంది. 2022 జూన్‌కు 10 శాతం అయింది. 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించి, మొదట 2030కి అనుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి, 2025లోనే చేరామని ప్రకటించారు. కార్ల గురించి, మోటారు సైకిళ్ల గురించి పత్రికల్లో, టీవీల్లో చాలా చర్చ జరిగింది. రైతు భుజాన మోసే స్ప్రేయర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. కారు వారం వారం తిరుగుతుంది, దాని ట్యాంకులో పెట్రోలు మారుతూ ఉంటుంది. మన మిషను ఏడాదిలో నాలుగైదు నెలలు మూలన ఉంటుంది. పెట్రోలు పాతబడటం వల్ల నష్టపోయేది అందరికంటే ముందు మనమే.

ఇక అసలు ప్రశ్న. పెట్రోలు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒక్క అంకె చెప్పలేం, పెట్టిన తీరును బట్టి మారుతుంది. గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో, నీడన, చల్లని చోట ఉంటే ఆరు నెలల దాకా రావచ్చు. అయితే ఆ లెక్క 20 డిగ్రీల చల్లదనానికి చెప్పేది. 30 డిగ్రీల వేడిలో మూత తీస్తూ పెడుతూ ఉంటే మూడు నెలలకు మించి నమ్మకూడదు. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా రేకుల షెడ్డులో ఉండే వేడి ఎంతో మనకు తెలుసు. బయట 42 ఉంటే లోపల ఇంకా ఎక్కువ. ఆ వేడికి మూడు నెలలు కూడా ఎక్కువే. ఆ తర్వాత వచ్చేది వానాకాలపు చెమ్మ. అంటే మన నేల మీద పెట్రోలుకు ఎండాకాలం ఒక శత్రువు, వానాకాలం ఇంకో శత్రువు. ఒకటి తేలిక భాగాన్ని ఎగరగొట్టి జిగురు పెంచుతుంది, రెండోది నీటిని ఎక్కిస్తుంది.

మిషను ట్యాంకులో ఉన్న పెట్రోలుకు లెక్క ఇంకా తక్కువ. ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది, లోపల సగం ఖాళీ ఉంటుంది. చిన్న ఇంజన్లతో ఇచ్చే పుస్తకాల్లో చాలావరకు 30 రోజులకు మించి వాడకుండా ఉంచాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేయమనే ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్లకు ఆయిల్ కలిపిన పెట్రోలుదీ ఇదే లెక్క. కలిపింది నెలలోపు వాడేయాలి. కాబట్టి ఆ వారానికి కావలసినంతే కలుపుకోండి. ఆయిల్ ఎంత కలపాలన్నది మిషనును బట్టి ఉంటుంది. 25 పాళ్లకు ఒక పాలు అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50 పాళ్లకు ఒక పాలు అంటే 20 మిల్లీలీటర్లు. మీ మిషను పుస్తకంలో ఏది ఉంటే అదే. చేతికొచ్చినంత పోసే అలవాటు మానాలి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్ మసి పడుతుంది.

ట్రాక్టర్లున్నవాళ్లు డీజిల్ సంగతి అడుగుతారు. డీజిల్ అంత త్వరగా ఆవిరి కాదు, పెట్రోలు కంటే ఎక్కువ కాలం, ఆరు నెలల నుంచి ఏడాది దాకా, నిలుస్తుంది. దానికీ నీరే శత్రువు. డ్రమ్ము అడుగున నీరు చేరితే అక్కడ సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిడ్డు కట్టి ఫిల్టరును మూసేస్తాయి. డ్రమ్మును వానలో నిలబెట్టొద్దు. పైనున్న మూత చుట్టూ నిలిచిన నీళ్లు పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు లోపలికి దిగుతాయి.

పెట్రోలు చెడిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. శుభ్రమైన గాజు సీసాలోకి కొద్దిగా తీసి వెలుతురులో చూడండి. రంగు బాగా ముదిరినా, మసకగా ఉన్నా, అడుగున వేరే పొర కనిపించినా, పుల్లని వాసన వచ్చినా మిషనులో పోయొద్దు. వంద రూపాయల పెట్రోలు పోతుందని చూస్తే వేల రూపాయల మిషను పోతుంది. నెలన్నర, రెండు నెలలదై, తేటగా ఉండి, ఆయిల్ కలపనిదైతే మోటారు సైకిల్‌లో ఒక పాలుకు నాలుగైదు పాళ్ల కొత్త పెట్రోలు చేర్చి వాడేసుకోవచ్చు. ఆయిల్ కలిపింది మాత్రం ఇప్పటి మోటారు సైకిల్‌లో పోయకూడదు. పూర్తిగా చెడిన దాన్ని కాలువలో, బావి దగ్గర, చేను గట్టున పారబోయొద్దు. చెత్త తగలబెట్టడానికి అసలే వాడొద్దు. విడిభాగాలు కడగడానికి పనికొస్తుందేమో మెకానిక్‌ను అడిగి ఇచ్చేయండి.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి, మిషను సంగతి. ఇక ప్రాణాల సంగతి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పైకి పోకుండా నేల మీద పాకుతుంది. కొట్టంలో పెట్టిన డబ్బా ఆవిరి గడప దాటి వంటింటి పొయ్యి దాకా పోగలదు. చలికాలపు తెల్లవారుజామున కూడా పెట్రోలు ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇక మన ఇళ్ల పరిస్థితి చూడండి. ధర పెరుగుతుందేమోనని పత్తిని గదుల్లో కప్పు దాకా నింపుతాం. అదే ఇంట్లో మంచం కింద పెట్రోలు డబ్బా ఉంటుంది. పత్తి ఉన్న ఇంట్లో పెట్రోలు పెట్టడమంటే ఏడాది కష్టాన్ని, ఇంటిల్లిపాదినీ ఒక నిప్పురవ్వ చేతిలో పెట్టడమే. దీన్ని ఈ ఏడాదితో మానేద్దాం.

ఇంకో రెండు అలవాట్లు మన ఊళ్లలో ఉన్నాయి. ఒకటి, మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పెట్రోలు పోసి గూట్లో పెట్టడం. ఎండలో ఆడి వచ్చిన పిల్లవాడు అది నీళ్లో, పెట్రోలో చూడడు. రెండోది, పైపు పెట్టి నోటితో పీల్చి పెట్రోలు తీయడం. మింగిన పెట్రోలు కంటే ఊపిరితిత్తుల్లోకి దిగిన పెట్రోలు ప్రమాదకరం. కొద్ది చుక్కలు దిగినా ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పెట్రోలు తీయడానికి చేతి పంపు చవకగా దొరుకుతుంది, ఇంటికొకటి కొనండి. మందు కొట్టడానికి వచ్చే కూలి సోదరులకు కూడా ఈ మాట చెప్పడం మన బాధ్యత. వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోలు పోసేదీ, పక్కన బీడీ వెలిగించేదీ ఎక్కువగా పని తొందరలోనే. పది నిమిషాలు ఆగి, ఇంజను చల్లారాక పోయమని యజమానే చెప్పాలి. ఆ పది నిమిషాలకు కూలి కోయకూడదు.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకుందాం. 1934 నాటి పెట్రోలియం చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 8వ సెక్షన్ ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 30 లీటర్ల దాకా పెట్రోలు ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అయితే అది గట్టిగా మూతపడే గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో ఉండాలి. గాజు, పింగాణీ అయితే లీటరుకు మించకూడదు, లోహపుదైతే 25 లీటర్లకు మించకూడదు. ప్లాస్టిక్ మాట ఆ సెక్షన్‌లో లేదు. మనం వాడే తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు చట్టం లెక్కలోకి రావు, భద్రత లెక్కలోకీ రావు. ఎండ లోపలికి దిగుతుంది, ప్లాస్టిక్ ఉబ్బుతుంది, మూత బిగుసుకోదు. డీజిల్‌కు హద్దు ఇంకా పెద్దది. 7వ సెక్షన్ ప్రకారం ఒక చోట 2,500 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లకు మించనంతవరకు.

అంటే రైతు లోహపు డబ్బా పట్టుకుని ఐదు లీటర్ల పెట్రోలు కొని ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. అయినా బంకు దగ్గర మనకు ఎదురయ్యే తీరు వేరు. "డబ్బాలో పోయం" అని ఒక్క మాటతో పంపేస్తారు. పెట్రోలును ఆయుధంగా వాడిన ఘోరాలు మన రెండు రాష్ట్రాల్లో జరిగాయి, అందువల్ల పోలీసులు బంకులకు హెచ్చరికలు చేస్తుంటారు. ఆ జాగ్రత్తను మేము తప్పుపట్టడం లేదు. సీసాల్లో, ప్లాస్టిక్ క్యాన్లలో పోయకపోవడం సబబే. కానీ లోహపు డబ్బాతో, పట్టాదారు పాసుపుస్తకమో ఆధార్ కార్డో చూపి, సొంత మిషనుకు అడిగే రైతును కూడా అదే గాటన కట్టడం అన్యాయం. పాసుపుస్తకం లేని కౌలు రైతుకు ఇంకా కష్టం. ఫలితం ఏమవుతోంది? కొందరు మోటారు సైకిల్ ట్యాంకు నింపించుకుని, ఊరికొచ్చి నోటితో పీల్చి తీస్తున్నారు. ఇంకొందరు కిరాణా కొట్టులో సీసాల్లో అమ్మే పెట్రోలును ఎక్కువ ధరకు కొంటున్నారు. అది ఎన్నాళ్లదో, అందులో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. భద్రత పేరుతో పెట్టిన ఆంక్ష రైతును మరింత ప్రమాదంలోకి నెడుతోంది.

ఇథనాల్ సంగతిలోనూ మా మాట స్పష్టంగా చెబుతున్నాం. చెరకు, మొక్కజొన్న, నూకలు కొని ఇంధనం చేస్తే రైతుకు మరో గిరాకీ దొరుకుతుందంటే మేము కాదనం. మక్క రైతుకు మద్దతు ధర దక్కితే సంతోషమే. కానీ ఆ గిరాకీ వల్ల లాభం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయి, పొల్యూషన్ మాత్రం ఊరికి చేరితే ఊరుకోం. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద జనం ఎందుకు రోడ్డెక్కారో పాలకులు ఆలోచించాలి. ఇథనాల్ లీటరుకు శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. అంటే అదే ధర పెట్టి కొన్న లీటరు మునుపటికంటే కాస్త తక్కువ పని చేస్తుంది. మన పంట దాంట్లో కలుస్తోంది, మన మిషనులో అది పోస్తున్నాం, నష్టం వస్తే మనమే భరిస్తున్నాం. ఏం కలిసిందో, ఎన్నాళ్లుంటుందో, ఏ మిషనుకు పడుతుందో చెప్పే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోవడం లేదు. ఇది సాగదు.

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం. ఒకటి, చట్టం అనుమతించిన హద్దులో, లోహపు డబ్బాలో, గుర్తింపు చూపిన రైతుకు, కౌలు రైతుకు పెట్రోలు పోయాలని జిల్లా యంత్రాంగం బంకులకు రాతపూర్వకంగా చెప్పాలి. రెండు, పెట్రోలులో ఇథనాల్ ఎంత శాతం ఉందో, ఎన్నాళ్లలోపు వాడాలో తెలుగులో కనపడేలా ప్రతి బంకులో బోర్డు పెట్టాలి. మూడు, స్ప్రేయర్, బ్రష్ కట్టర్, వీడర్ అమ్మే డీలర్లు ఆ మిషను 20 శాతం ఇథనాల్‌కు పనికొస్తుందో లేదో బిల్లు మీద రాసివ్వాలి, తెలుగు పుస్తకం ఇవ్వాలి. ఇథనాల్ వల్ల పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బి పాడైతే వారంటీ లేదని తప్పించుకోకూడదు. నాలుగు, యాంత్రీకరణ సబ్సిడీ కింద మిషన్లిచ్చి చేతులు దులుపుకోకుండా, ఏటా వానాకాలానికి ముందు మండలానికో సర్వీసు శిబిరం పెట్టాలి. మిషనుతోపాటు ఐదు లీటర్ల లోహపు డబ్బా కూడా సబ్సిడీలో చేర్చాలి.

అవి సాధించుకునేదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. రెండు వారాలకు సరిపడినంతే తెచ్చుకోండి. ఇరుగుపొరుగు నలుగురు కలిసి వంతులవారీగా తెచ్చుకుంటే బంకుకు పోయే ఖర్చూ తగ్గుతుంది, ఇంట్లో నిల్వా తగ్గుతుంది. డబ్బాను నేల మీద పెట్టి పోయించుకోండి, బండి మీద ఉంచి కాదు. అంచుదాకా నింపకుండా వేడికి ఉబ్బడానికి కాస్త జాగా వదలండి. డబ్బా మీద తెచ్చిన తేదీ, ఆయిల్ కలిపారో లేదో రాయండి. ముందు తెచ్చింది ముందు వాడండి. ఇంటికి, పత్తికి, ఎరువులకు, పురుగుమందులకు దూరంగా, నీడన, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. బంకులో కొలత మీద, నాణ్యత మీద అనుమానముంటే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిపించమని, ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయించమని అడిగే హక్కు మనకుంది. అడగండి.

సీజను ముగిసిన రోజే మిషనును సాగనంపండి. ఇంజను చల్లారాక ట్యాంకులో పెట్రోలు తీసేయండి. మళ్లీ స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. దాంతో కార్బొరేటర్‌లో మిగిలిన చుక్కలూ అయిపోతాయి. ప్లగ్ విప్పి, లోపల నాలుగు చుక్కలు ఇంజను ఆయిల్ వేసి, తాడును రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించండి. గోనెసంచి కప్పి, తడి తగలని చోట పెట్టండి. మొత్తం పని అరగంట. ఆ అరగంట పెట్టనందుకే మేము జూలైలో మూడు రోజులు పోగొట్టుకున్నాం.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో దీన్ని ఒక అంశంగా పెట్టాలని అన్ని శాఖలనూ కోరుతున్నాం. సభ్యులు తమ స్ప్రేయర్లు తెచ్చుకోవాలి. తెలిసిన మెకానిక్‌ను పిలవండి. అందరి ట్యాంకులూ అక్కడే ఖాళీ చేయిద్దాం. గాజు సీసాలో నీళ్ల పరీక్ష చేసి చూపిద్దాం. మీ దగ్గరి బంకులో లోహపు డబ్బాలో పోస్తున్నారో లేదో, బోర్డు ఉందో లేదో రాసి జిల్లా కార్యాలయానికి పంపండి. ఆ వివరాలన్నీ కలిపి మే నెలలోగా కలెక్టర్లకు వినతిపత్రం ఇస్తాం. వచ్చే జూలైలో ముసురు తెరిపిచ్చిన పొద్దున, తాడు ఒక్కసారి లాగగానే మన మిషన్లన్నీ పలకాలి.